లాన్ మీద గుండ్రటి మచ్చలు

ఈసారి మొక్కల కన్నా కుక్కల గురించే ఎక్కువ ఉత్తరాలొచ్చాయి. నర్సరీ నడుపుకునేదాన్ని, పశువుల డాక్టర్ని కాదని ముందే చెప్పేస్తున్నా. కాకపోతే లాన్ పరిచి ఇచ్చేది మేమే కాబట్టి, ఆర్నెల్లు తిరక్కుండా ‘మీరేసిన గడ్డి చచ్చిపోయిందమ్మా’ అన్న ఫోన్లూ మాకే వస్తాయి. వెళ్లి చూద్దును కదా, అరుగు మీద ఆ ఇంటి కుక్క తోకాడిస్తూ కూర్చుని ఉంటుంది.

అమ్మా, మాది విజయనగరం కంటోన్మెంట్ వైపు. ఇంటి ముందు నిరుడు కొరియన్ గడ్డి పరిపించాం. మూడేళ్ల ఆడ లాబ్రడార్ ఉంది. సంక్రాంతి దాటినప్పట్నుంచి లాన్ నిండా జానెడు వెడల్పు ఎండు మచ్చలు, వాటి చుట్టూ ముదురాకుపచ్చ వలయాలు. మా అత్తగారు ‘కుక్కనైనా ఉంచండి, గడ్డినైనా ఉంచండి’ అంటున్నారు. పైడితల్లమ్మ పండక్కి ఇంటినిండా చుట్టాలు. ఏం చెయ్యమంటారు?
— ఓ పాఠకురాలు, విజయనగరం

రెండూ ఉంచుకోండి తల్లీ. మీరు రాసిన ఆ పచ్చ వలయమే సంగతంతా చెప్పేస్తోంది. కుక్క మూత్రంలో ఉండేది మన రైతులు 45 కిలోల బస్తాల్లో కొనుక్కునే సరుకే, యూరియా. తిన్న మాంసకృత్తులు అరిగాక ఒంట్లో మిగిలిన నత్రజని ఆ రూపంలో బయటికొస్తుంది. దానికి తోడు కొన్ని లవణాలు. వరి చేలో యూరియా చల్లుతుంటే చెయ్యి జారి ఒకేచోట పిడికెడు పడిందనుకోండి, అక్కడి దుబ్బు మాడిపోతుంది, చుట్టూ ఉన్నది మాత్రం నల్లగా ఏపుగా లేస్తుంది. మీ లాన్లో జరిగిందీ అదే. మధ్యలో మోతాదు మించి మాడింది, అంచుల్లో పలచబడి ఎరువైంది.

ఆడకుక్క మూత్రం ఘాటెక్కువని మీ అత్తగారు అంటూనే ఉండుంటారు. ఆడదాని మూత్రానికీ మగదాని మూత్రానికీ తేడా ఏమీ లేదు, పోసే తీరే వేరు. మగకుక్క కాలెత్తి ఇక్కడ కాస్త, అక్కడ కాస్త గోడలకీ స్తంభాలకీ పంచిపెడుతుంది. ఆడది ఒకచోట కూర్చుని ఉన్నదంతా అక్కడే వదిలేస్తుంది. కాలెత్తడం ఇంకా అలవాటు కాని మగ కుక్కపిల్లలూ అంతే చేస్తాయి, అప్పుడు వాటి మచ్చా ఇలాగే ఉంటుంది.

ఇక ఉపాయం. రాత్రంతా ఆపుకున్నది కాబట్టి తెల్లవారి పోసేది చిక్కగానూ ఉంటుంది, ఎక్కువగానూ ఉంటుంది. లాన్‌కి చేటంతా ఆ పూటే. మీరు తలుపు తియ్యగానే అది ఎక్కడికి పరుగెడుతుందో రేపు చూడండి. అరుగు దిగి, తడి తగిలిన మొదటి గడ్డి మీదే కూర్చుంటుంది. మచ్చల్లో ఎక్కువ భాగం మెట్ల దగ్గర్లోనే ఉంటాయి, గేటు వైపు వెళ్తున్నకొద్దీ తగ్గుతాయి. అందుకని పొద్దుటి పూట దాన్ని వదిలెయ్యకుండా, గొలుసు వేసి మీరే ఒక మూలకి నడిపించుకెళ్లండి.

ఆ మూల ఎలా ఉండాలో చెబుతాను. నాలుగడుగులకి నాలుగడుగులు, జానెడు లోతు తవ్వి, అడుగున పెద్ద కంకర, పైన బఠాణీ గింజంత గులకరాళ్లు. చాలామంది చంపావతి ఏటి ఇసుక పోయించుకుంటారు. ఇసుక వద్దు. వాసన పట్టేస్తుంది, పైగా వీధిలోని పిల్లులన్నీ దాన్ని తమ కోసమే అనుకుంటాయి. రాళ్లయితే బకెట్ నీళ్లు కొడితే కిందికి దిగిపోతుంది. ఎండలో మాత్రం పెట్టొద్దు. ఏప్రిల్ నెలలో మన ఊళ్లో మధ్యాహ్నం ఆ రాళ్ల మీద అరికాలు పెట్టి చూడండి, కుక్క ఎందుకు వెళ్లనంటుందో తెలుస్తుంది. మామిడిచెట్టో సపోటాచెట్టో ఉంటే దాని నీడన పెట్టండి.

మొదట్లో అక్కడ నిలబడి మీ మొహం చూస్తుంది తప్ప పని కానివ్వదు. దాని మూత్రం పడిన మట్టి ఒక చెంచాడు తెచ్చి ఆ రాళ్ల మీద వెయ్యండి, వాసన పడితే కుక్కకి ధైర్యం. అక్కడ పోసిన వెంటనే, అక్కడే, ఒక బిస్కెట్ ముక్కో బెల్లం లేని వేరుశనగపప్పో చేతిలో పెట్టండి. లోపలికొచ్చాక పెడితే లోపలికొచ్చినందుకు ఇచ్చారనుకుంటుంది. ఇంట్లో అందరూ ఒకే మాట వాడండి. మీరు ‘పద’ అని, మీవారు ‘గో’ అని, పిల్లలు ఇంకోటి అంటే దానికి ఏ భాషా రాదు.

అయినా ఎప్పుడో ఒకప్పుడు గడ్డి మీద కూర్చుంటుంది. దానికి మందు నీళ్లే. పోసిన దానికి కనీసం మూడింతలు నీళ్లు పడాలి. లాబ్రడార్ ఒకసారికి గ్లాసుడు పైనే పోస్తుంది, కాబట్టి మగ్గుతో చిలకరించి వచ్చేస్తే లాభం లేదు. నేను అర బకెట్ పొయ్యమంటాను. వెంటనే పోస్తే మచ్చే రాదు. ఒక పూట ఆలస్యమైతే మచ్చ వచ్చినా చిన్నదవుతుంది. మర్నాడు గడ్డి పసుపెక్కాక పోస్తే ఆ ఆకు తిరిగి రాదు, మట్టిలో మిగిలింది కిందికి దిగడానికే పనికొస్తుంది. మెట్ల పక్కన ఒక బకెట్ ఎప్పుడూ నిండుగా ఉంచండి. పైపు చుట్టలు విప్పి, కుళాయి తిప్పి వచ్చే ఓపిక పొద్దున్నే ఎవరికీ ఉండదు.

పండగ సంగతి. పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం దసరా వెళ్లిన మంగళవారం కదా, మీకు ఇంకా వ్యవధి ఉంది, వానలూ తోడున్నాయి. ఎండిన గడ్డి పీకి, పైమట్టి రెండంగుళాలు తీసి పారబొయ్యండి. గుంత నిండా నీళ్లు పోసి ఇంకనిచ్చి, మర్నాడు మళ్లీ పొయ్యండి. తర్వాత కొత్త ఎర్రమట్టిలో మాగిన పశువుల ఎరువు కలిపి నింపండి. కొరియన్ గడ్డి పాకడం నిదానం, అంచుల నుంచి దానంతటది కమ్ముకుంటుందని కూర్చుంటే పండగ వెళ్లిపోతుంది. నీళ్ల ట్యాంకు వెనకో, కారు షెడ్డు పక్కనో, ఎవరి కంటా పడని చోట లాన్ ఉంటుంది కదా, అక్కణ్ణుంచి కూరలు కోసే కత్తితోనే వేర్లతో సహా ముక్క కోసి మచ్చలో అతికించండి. చుట్టూ ఉన్న నేలకి సమానంగా ఉండాలి, ఎత్తుగా పెడితే మిషన్ కట్ చేసినప్పుడు తల ఎగిరిపోతుంది. కాలితో గట్టిగా తొక్కండి, గాలి మిగిలితే వేరు పట్టదు. కొత్తగా షీట్లు కొనక్కర్లేదు. ఈ మాట మా ఆయన చదివితే నర్సరీ మూయించేస్తానంటారు.

ఇంకొకటి. లాన్ పచ్చగా కనిపించాలని నెలనెలా యూరియా చల్లిస్తున్నారేమో, మీరు రాయలేదు. చల్లిస్తుంటే ఆపెయ్యండి. కడుపు నిండా తిన్న గడ్డి మీద కుక్క పోసేది అజీర్తి చేస్తుంది. అసలు ఎరువే ఎరగని లాన్ మీద అదే కుక్క అదే మూత్రం పోస్తే చాలాసార్లు మాడదు, అక్కడక్కడా పచ్చటి గుబుర్లు లేస్తాయంతే.

మేడమ్ గారూ, నేను రిటైరైన సైన్సు మాస్టార్ని, శ్రీకాకుళం. మూత్రంలో ఆమ్లం వల్లే గడ్డి మాడుతుందని, సున్నం గానీ వంటసోడా గానీ చల్లితే విరుగుతుందని ఒకరన్నారు. కుక్క అన్నంలో టమాటా రసం, వెనిగర్ కలపమని ఇంకొకరు. ఉప్పు ఎక్కువేస్తే నీళ్లు బాగా తాగుతుందని మా తమ్ముడు. ఏది నిజం?
— ఓ పాఠకుడు, శ్రీకాకుళం

ఏదీ కాదు మాస్టారూ. కుక్క మూత్రం ఒకరోజు కాస్త ఆమ్లంగా ఉంటుంది, ఇంకోరోజు క్షారంగా ఉంటుంది. తిండిని బట్టి మారుతూనే ఉంటుంది. రెండు రోజులూ గడ్డి మాడుతుంది. మాడ్చేది నత్రజనీ లవణాలూ అయినప్పుడు ఆమ్లాన్ని విరిచి ఏం లాభం?

సున్నం చల్లితే జరిగేది ముక్కుకి తెలుస్తుంది. యూరియా మట్టిలో అమ్మోనియాగా మారుతుందని మీకు నేను చెప్పక్కర్లేదు, క్షారం కలిస్తే అది గాలిలోకి లేచి ఘాటు కొడుతుంది. వంటసోడా అంటే సోడియం, అంటే ఇప్పటికే ఉప్పు ఎక్కువై చచ్చిన చోట ఇంకాస్త ఉప్పు. జిప్సం చౌడు నేలలకి మంచి మందే, మన జిల్లాల్లో వాడే రైతులున్నారు. ఈ రోగానికి మాత్రం అది మందు కాదు.

కుక్కకి పెట్టే వైద్యాల మీద నాకు కోపం. మూత్రం గుణం మార్చే మాత్రలూ పొడులూ బజార్లో దొరుకుతాయి, ‘గడ్డి కాపాడును’ అని డబ్బా మీద రాసి ఉంటుంది. ఆమ్లం, క్షారం తూకం చెడితే మూత్రాశయంలో రాళ్లు కట్టే కుక్కలున్నాయి. గడ్డి ముక్క కోసం కుక్కకి ఆపరేషన్ తెచ్చిపెట్టుకోవడం ఏ లెక్క? ఉప్పు సంగతి అంతకన్నా అన్యాయం. గుండె జబ్బో కిడ్నీ జబ్బో ఉన్న ముసలి కుక్కకి అది విషంతో సమానం. మీ తమ్ముడుగారు చెప్పిన దాంట్లో నీళ్లు ఎక్కువ తాగాలన్నది ఒక్కటే పనికొచ్చే మాట. దానికి ఉప్పెందుకు? అన్నంలో నీళ్లు పోసి జారుగా కలపండి. మా ఇంట్లో కుక్కకి పొద్దున్న ఉప్పెయ్యని చోడి (రాగి) అంబలి పలచగా కాచి చల్లార్చి పోస్తాం, గిన్నె నాకి నాకి మెరిపించేస్తుంది. నీళ్ల గిన్నె రెండు చోట్ల పెట్టండి, పూటకోసారి మార్చండి. నీళ్లు నిలవుంటే మనమూ తాగం.

గుడ్లూ చికెనూ రెండు పూటలా దట్టిస్తుంటే ఆ నత్రజని కూడా లాన్ మీదే తేలుతుంది. అలాగని ఎదిగే కుక్కపిల్లకి గానీ పాలిచ్చే తల్లికి గానీ మాంసకృత్తులు తెగ్గొయ్యకండి. అదేదో డాక్టర్ని అడిగి చెయ్యండి.

అమ్మా, మాకు కుక్కే లేదు. గేటు ఎప్పుడూ వేసే ఉంటుంది. అయినా లాన్లో మచ్చలు. వీధికుక్కలు గోడ దూకి వస్తున్నాయంటారా?
— బొబ్బిలి

కుక్కని అనే ముందు గడ్డిని పట్టుకుని లాగండి. మచ్చ మధ్యలో పిడికిలితో పట్టి పైకి లాగితే తెగుతుంది గానీ ఊడి రాకపోతే కుక్కని అనుమానించొచ్చు, వేర్లు ఇంకా నేలని పట్టుకునే ఉంటాయి. చాపలాగా లేచి చేతికొచ్చేస్తే కింద వేరుపురుగు ఉంది. అరచెయ్యంత మట్టి తవ్వండి. తెల్లగా, లావుగా, గోధుమరంగు తలతో, కొడవలిలా ముడుచుకుని పడుకుని ఉంటుంది. వేరుశనగ వేసిన రైతుల్ని అడగండి, దీన్ని కథలు కథలుగా చెబుతారు. గోరింకలూ కాకులూ పనిగట్టుకుని మీ లాన్లో ఒకేచోట పొడుస్తుంటే అదీ ఈ పురుగుకే సాక్ష్యం.

ఇంకోటీ ఉంది. తెల్లారగట్ల మంచు ఆరకముందు వెళ్లి చూడండి. మచ్చలు రూపాయి బిళ్లంత ఉండి, గడ్డి మొనల మీద సాలెగూడులా పలచటి తెల్లటి పోగులు కనిపిస్తే అది బూజు తెగులు. ఎండెక్కాక వెళ్తే ఆ పోగులు కనిపించవు. సాయంత్రాలు నీళ్లు పెట్టడం మానేసి పొద్దున్న పెట్టండి, సగం తగ్గుతుంది.

పురుగైతే మెటారైజియం అని ఒక మంచి బూజు పొడి ఉంది, పశువుల ఎరువులో కలిపి తడి నేల మీద చల్లుతారు. గుళికల మందు జోలికి పోవద్దు. మీకు కుక్క లేకపోయినా పక్కింటి వాళ్లకి ఉంటుంది, గోరింకలకి డాక్టరే ఉండడు.

మాది భోగాపురం దగ్గర, సముద్రం వైపు. బోరు నీళ్లు కాస్త ఉప్పన. రెండు కుక్కలున్నాయి. అసలు కుక్క మూత్రానికి తట్టుకునే గడ్డి ఏదైనా ఉందా మేడమ్?
— ఓ పాఠకుడు

ఈ ప్రశ్న అమెరికాలో ఒక పశువైద్యుడికి వచ్చింది. వేన్ అలార్డ్ అని, తర్వాత కొలరాడో నుంచి సెనేటర్ కూడా అయ్యారు. నాలుగు రకాల గడ్డి మీద కుక్క మూత్రం పోసి చూశారు. రై గడ్డి, ఫెస్క్యూ బాగా తట్టుకున్నాయి. బెర్ముడా, అంటే మన గరిక, త్వరగా మాడింది. ఇది చదివి ఎవరో ఒకరు ఆన్‌లైన్లో ఫెస్క్యూ విత్తనాలు తెప్పించుకుంటూనే ఉంటారు. అవి చలిదేశపు గడ్డి బాబూ. మన వేసవికి కుక్క అక్కర్లేదు, రోహిణీకార్తే చంపేస్తుంది.

నా ఓటు గరికకే. మాడేది త్వరగానే మాడుతుంది, కానీ నేల మీదా నేల లోపలా కాడలు పాకించుకుంటూ అంతే త్వరగా కమ్మేస్తుంది. చవితికి పూజకి కోసిన చోట మళ్లీ ఎన్నాళ్లకి మొలుస్తుందో మీరే చూసుంటారు. వానాకాలంలో మచ్చ మీద రెండు కాడలు పడేసి మట్టి కప్పితే చాలు. కొరియన్ గడ్డి చూడ్డానికి అందం, ఉప్పునీ ఓర్చుకుంటుంది, మచ్చ పూడ్చుకోవడానికి మాత్రం ఆపసోపాలు పడుతుంది. ఉప్పునీళ్లకి పాస్పాలం అని సముద్రతీరపు గడ్డి ఒకటుంది, గోల్ఫ్ మైదానాల్లో వేస్తారు. మీకు దొరికితే అన్నిటికన్నా అదే నయం. గరికకి మంచి ఎండ కావాలి, చెట్టు నీడలో వెయ్యకండి.

మీకు అసలు చిక్కు వేరే. మచ్చ మీద పోసే నీళ్లే ఉప్పగా ఉంటే కడిగినట్టు కాదు. ఆ పని వరకూ పంచాయతీ కుళాయి నీళ్లో పట్టి ఉంచిన వాన నీళ్లో వాడండి. లాన్ అంతటికీ అక్కర్లేదు, మచ్చలకి చాలు. గడ్డిని మరీ గుండు కొట్టించకండి. అంగుళన్నర ఎత్తు ఉంటే వేరు లోతుకి వెళ్తుంది.

పిన్నిగారూ, మా మగకుక్క బోగన్‌విలియా కుండీనీ, తులసికోటనీ వదలడం లేదు. దానికి తోడు వీధికుక్కలు గేటు దగ్గర. గేటుకి నీలిమందు నీళ్ల సీసాలు కట్టమంటున్నారు. పనిచేస్తుందా?
— ఆమదాలవలస

నీలిరంగు కుక్కకి బాగానే కనిపిస్తుందమ్మా, దానికి తేడా తెలియనివి ఎరుపూ ఆకుపచ్చా. కనిపించినంత మాత్రాన భయపడాలని ఏముంది? మా వీధిలో ఒకడు ఆ సీసాకే గురి చూసి కాలెత్తడం నేను చూశాను.

తులసికోట చుట్టూ అడుగు దూరంలో వెదురు దడి కట్టండి, కోట అందకపోతే చాలు. కుండీని బల్ల మీదకెక్కించండి. మగకుక్కలు గుర్తు పెట్టేది నిలువుగా, ముక్కు ఎత్తున ఉన్నదానికే. కాబట్టి గులకరాళ్ల మూలలో నడుం ఎత్తు కర్ర ఒకటి పాతి చూడండి, దాన్నే సొంతం చేసుకుంటాడు. ఇంకా తగ్గకపోతే మగకుక్కకి ఆపరేషన్ చేయిస్తే ఈ గుర్తులు పెట్టడం చాలా మటుకు తగ్గుతుంది. గేటు స్తంభం కింద నీళ్లతో కడుగుతూ ఉండండి, వాసన ఉన్నంత కాలం వచ్చిన ప్రతి కుక్కా దానికి జవాబు రాసి వెళ్తుంది. అలాగని ఫినాయిల్ పొయ్యకండి, గడ్డీ పోతుంది, మీ కుక్క పాదాలూ కాలతాయి. వీధికుక్కల మీద వేడినీళ్లు పొయ్యడం, విషం పెట్టడం 1960 నాటి చట్టం ప్రకారం నేరం. ఊళ్లో అలా చేసేవాళ్లున్నారు కాబట్టే రాస్తున్నా.

కుక్క తిరిగే లాన్లో మా మనవడు చెప్పుల్లేకుండా ఆడుతుంటాడు. ప్రమాదమా?
— రాజాం

గడ్డి మాడినంత సులువుగా పిల్లాడికేం కాదు గానీ, రెండు సంగతులు పట్టించుకోండి. ఎలుకజ్వరం, డాక్టర్లు లెప్టోస్పైరోసిస్ అంటారు, అది సోకిన కుక్క మూత్రం నుంచీ రావచ్చు. ఆ క్రిమి తడి మట్టిలో, నిలవ నీళ్లలో బతుకుతుంది, ఎండకి ఆరితే చస్తుంది. తుపాను వెళ్లాక నీళ్లు నిలిచిన రోజుల్లో పిల్లాణ్ణి లాన్లోకి వదలకండి, కాలికి పుండుంటే అసలే వద్దు. కుక్కకి ఏడాదికోసారి వేయించే టీకాల్లో లెప్టోకి కూడా ఉందో లేదో పశువుల ఆసుపత్రిలో అడిగి కార్డు మీద రాయించుకోండి. అన్ని టీకాల్లో అది ఉండదు.

రెండోది మూత్రం కాదు, పెంట. కుక్క పేగుల్లో ఉండే కొంకిపురుగు పిల్లలు అందులోంచి మట్టిలో చేరి అరికాలి చర్మం గుండా లోపలికి పోతాయి. కుక్కకి డాక్టర్ చెప్పిన లెక్కన పురుగుల మందు పట్టించండి, పెంట ఏ రోజుది ఆ రోజే తీసెయ్యండి.

మీ కుక్క ఉన్నట్టుండి గిన్నెలు గిన్నెలు నీళ్లు తాగుతున్నా, చుక్కచుక్కగా మాటిమాటికీ పోస్తున్నా, ఎర్రగా పోస్తున్నా నాకు ఉత్తరం రాయకండి. ఆ పొద్దుటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.